స్టీరింగ్ ఎప్పుడు వదలాలి?

మా మామయ్యగారికి 72 ఏళ్లు. పోయిన నెల ఆయన డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి వచ్చింది. 40 దాటినవాళ్లకి డాక్టర్ సర్టిఫికెట్ కావాలి కదా, ఫారం 1ఎ పట్టుకుని ఒక క్లినిక్‌కి వెళ్లాం. డాక్టరుగారు తలెత్తి చూడకుండానే సంతకం పెట్టేశారు. మామయ్యగారు హుషారుగా బయటికొచ్చారు. నాకే మనసు కుదుటపడలేదు. ఆదివారాలు మా పాపని సంగీతం క్లాసుకి తీసుకెళ్లేది ఆయనే. ఈమధ్య పక్కన కూర్చున్నప్పుడు గమనించాను, సందుల్లోంచి వచ్చే బైకులు ఆయనకి ఆలస్యంగా కనిపిస్తున్నాయి.

ఇంటికొచ్చాక ఆ ఫారం చదివాను. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేటు గుర్తుపట్టగలరా అని అందులో ఒక ప్రశ్న ఉంది. దీని వెనక పెద్ద కథే ఉంది.

బ్రిటన్‌లో 1903లో మోటారు కార్ల చట్టం వచ్చింది. 1904 జనవరి 1 నుంచి కారు నడపాలంటే 17 ఏళ్లు నిండాలి, ఐదు షిల్లింగులు కట్టి లైసెన్సు తీసుకోవాలి. అంతే, పరీక్ష లేదు! 1934లో ఆ దేశం రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. అప్పుడు కళ్లు తెరిచి, 1935 జూన్ 1 నుంచి డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరి చేశారు. 25 గజాల దూరంలో నంబర్ ప్లేటు చదవడం అందులో భాగం. అయితే 1934 ఏప్రిల్‌కి ముందే లైసెన్సు ఉన్నవాళ్లకి ఆ పరీక్ష అక్కర్లేదన్నారు. అంటే కొత్తవాళ్లనే అనుమానించారు, పాతవాళ్లని నమ్మేశారు.

ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. చిన్నవాళ్లకి గీత గీసిన చట్టాలు పెద్దవాళ్ల దగ్గరికొచ్చేసరికి మొహమాటపడతాయి. బ్రిటన్‌లో 70 ఏళ్లకి లైసెన్సు ముగుస్తుంది. తర్వాత మూడేళ్లకోసారి 'నేను బాగానే ఉన్నాను' అని తమకు తామే రాసిస్తే చాలు. 2019 జనవరిలో ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ 97 ఏళ్ల వయసులో కారు నడుపుతూ ఇంకో కారుని గుద్దారు. అందులో ఇద్దరు ఆడవాళ్లు, తొమ్మిది నెలల పసివాడు ఉన్నారు. అదృష్టం కొద్దీ ప్రాణాలు దక్కాయి. వచ్చే నెలలో ఆయనే లైసెన్సు తిరిగిచ్చేశారు.

అదే ఏడాది ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో ఆ అదృష్టం లేకపోయింది. 87 ఏళ్ల ఆయన బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడంతో ఒక తల్లీ, మూడేళ్ల కూతురూ పోయారు. ఆయన పక్క సీట్లో ఉన్నది ఆయన భార్యే. నిజానికి జపాన్ ఈ విషయంలో ముందునుంచీ జాగ్రత్తగానే ఉంది. లైసెన్సు స్వచ్ఛందంగా తిరిగిచ్చే పద్ధతి 1998లోనే పెట్టింది. 75 దాటినవాళ్లకి 2009 నుంచి జ్ఞాపకశక్తి పరీక్ష ఉంది. ఆ ప్రమాదం జరిగిన ఏడాది సుమారు 6 లక్షల మంది లైసెన్సులు వాపసిచ్చారు. 75 దాటి, ట్రాఫిక్ తప్పులు చేసినవాళ్లకి 2022 నుంచి మళ్లీ బండి నడిపించి చూస్తున్నారు.

మన 1988 చట్టంలో 18 అని కింది గీత ఉంది, పై గీత లేదు. 2019 సవరణ ప్రకారం 55 దాటితే ఐదేళ్లకోసారి రెన్యువల్. గడువు ముగిసి ఏడాది దాటితేనే మళ్లీ పరీక్ష. సమయానికి కాగితాలిస్తే, కుర్రతనంలో రాసిన ఒక్క పరీక్షే జీవితాంతం సరిపోతుంది.

వయసు ఒక్కటే చూసి తాళాలు లాక్కోమని నేననను. 60కే చూపు మందగించినవాళ్లున్నారు, 80లో చక్కగా నడిపేవాళ్లూ ఉన్నారు. పైగా మా అత్తయ్యకి డ్రైవింగ్ రాదు. మామయ్యగారు కారు మానేస్తే ఆవిడ గుడీ, చెల్లెలి ఇల్లూ కూడా దూరమైపోతాయి. ఒక్క లైసెన్సు మీద రెండు జీవితాలు నడుస్తున్నాయి. అందుకే ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. కానీ ఆఫీసులో కూర్చున్నవాళ్లకి తెలియనిది, పక్క సీట్లో కూర్చునే మనకి తెలుస్తుంది.

ఆ ఆదివారం మావారు మా వీధిలో టేపుతో 25 మీటర్లు కొలిచారు. మామయ్యగారు నవ్వుతూనే నిలబడ్డారు. పొద్దున నంబర్ గడగడా చదివేశారు. అదే నంబర్ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి చదవలేకపోయారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తాళాలు నా చేతికిచ్చి, "చీకటి పడ్డాక నువ్వే నడుపమ్మా, రేపు కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అన్నారు.

శుక్లాలట. ఆపరేషన్‌కి తేదీ తీసుకున్నాం. ఈలోగా అత్తయ్యకి ఫోన్‌లో ఆటో బుక్ చేసుకోవడం నేర్పిస్తున్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లతో ఈ మాట ఎలా కదిపారో చెప్పరూ?