మేరీ లూ విలియమ్స్

మేరీ లూ విలియమ్స్ (1910–1981) అమెరికాకు చెందిన నల్లజాతి జాజ్ పియానిస్టు, స్వరకర్త, అరేంజర్. స్ట్రైడ్, బూగీ వూగీ, స్వింగ్, బీబాప్ అంటూ జాజ్ అర్ధ శతాబ్దంలో తొక్కిన ప్రతి దారిలోనూ ఆమె నడిచింది. అదీ ఆ దారులు ఇంకా పడుతున్న రోజుల్లోనే. చరిత్ర పుస్తకాలు చాలాకాలం ఆమెను మహిళా వాద్యకారుల పట్టికలో చేర్చి ఊరుకున్నాయి. అది అన్యాయం. ఆమె రికార్డులను వరసగా వింటే జాజ్ ఎదిగిన తీరే చెవిన పడుతుంది.

అసలు పేరు మేరీ ఎల్ఫ్రీడా స్క్రగ్స్. 1910 మే 8న జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో పుట్టింది. తల్లి వర్జీనియా ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆర్గాన్ వాయించేది. ఒకరోజు పసిపిల్ల విన్నదాన్ని విన్నట్టే తిరిగి వాయించిందట. పాఠాలు చెప్పిస్తే కాగితం చూస్తే తప్ప వాయించలేని స్థితి వస్తుందని తల్లి గురువును పెట్టలేదు. చెవితో పట్టుకోవడమే ఆమె చదువు. కుటుంబం పిట్స్‌బర్గ్‌కు వలస వెళ్లాక తెల్లవాళ్లైన ఇరుగుపొరుగు ఇంటి మీద ఇటుకలు విసిరేవారు. ఈ పిల్ల వాళ్ల ఇళ్లలో పియానో వాయించడం మొదలుపెట్టాకే ఆ దాడులు ఆగాయి. ఈస్ట్ లిబర్టీ పేటలో ఆమెకు ‘పియానో పిల్ల’ అన్న పేరు స్థిరపడింది. పదిహేనేళ్లు దాటీ దాటకుండానే వినోద ప్రదర్శనల బృందాలతో ఊళ్లు తిరిగింది. సాక్సఫోన్ కళాకారుడు జాన్ విలియమ్స్‌ను పెళ్లాడింది.

భర్త జాన్, ఆండీ కర్క్ నడిపే జాజ్ బృందంలో చేరడం ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. కాన్సాస్ సిటీ కేంద్రంగా పనిచేసిన ఈ ‘ట్వెల్వ్ క్లౌడ్స్ ఆఫ్ జాయ్’ 1929లో తొలి రికార్డులకు సిద్ధమైనప్పుడు, బృందం పియానిస్టు రాకపోవడంతో ఆ స్థానంలో ఆమె కూర్చుంది. 1930లో షికాగోలో ఒంటరిగా వాయించిన ‘నైట్ లైఫ్’, ‘డ్రాగ్ ఎమ్’ ఆమె పేరును దేశమంతా చాటాయి. మేరీ లూ అన్న పేరు రికార్డు సంస్థ వాళ్లు పెట్టిందే. ‘నైట్ లైఫ్’ స్ట్రైడ్ పద్ధతిలో సాగుతుంది. ఎడమచేయి మంద్రస్థాయిలో ఒక స్వరాన్నీ, కాస్త పైన ఒక స్వరగుచ్ఛాన్నీ మార్చి మార్చి కొడుతూ లయను నడుపుతుంటే కుడిచేయి స్వేచ్ఛగా పాట అల్లుతుంది. ఇరవై ఏళ్లు నిండని అమ్మాయి ముందుగా ఏమీ రాసుకోకుండా స్టూడియోలో అప్పటికప్పుడు అల్లిన పని అది.

అయితే ఆమె అసలు బలం బృందానికి రాయడంలో ఉంది. ఏ వాద్యం ఎప్పుడు పలకాలో, ఏది దేనికి జోడు కావాలో నిర్ణయించేవారే అరేంజర్. 1936 నాటి ‘వాకిన్ అండ్ స్వింగిన్’లో ఆమె ఒక ట్రంపెట్‌ను సాక్సఫోన్లతో కలిపి ఒకే గొంతులా పలికించింది. చిన్న బృందం అలా పెద్దదిగా వినిపించింది. అందులోని ఒక స్వరపదం తర్వాత పియానిస్టు థెలోనియస్ మంక్ రచన ‘రిథమ్ ఎ నింగ్’లో తేలింది. 1937లో బృంద నాయకుడు బెన్నీ గుడ్‌మన్ కోసం రాసిన ‘రోల్ ఎమ్’ పియానో శైలి బూగీ వూగీని పెద్ద బృందం చేతికిచ్చింది. స్వింగ్ యుగం మోతలో ఎంత భాగం ఆమె కలం నుంచి వచ్చిందో ఆనాటి శ్రోతల్లో చాలామందికి తెలియదు. వేదిక మీద పేరు బృంద నాయకుడిది కదా.

1942లో కర్క్‌ను విడిచి, తర్వాత న్యూయార్క్ చేరింది. హార్లెమ్‌లోని ఆమె ఇల్లు మంక్, బడ్ పావెల్, డిజీ గిలెస్పీ, టాడ్ డేమెరాన్ వంటి యువ సంగీతకారులకు రాత్రంతా తెరిచి ఉన్న బడి. కొత్తగా పుట్టిన బీబాప్ శైలిని చూసి పెద్దవాళ్లు మొహం చిట్లించిన రోజుల్లో ఆమె వాళ్లకు దారి చూపింది, వాళ్ల నుంచి నేర్చుకుంది కూడా. ఈ కాలపు శిఖరం ‘జోడియాక్ సూట్’. మేషం నుంచి మీనం దాకా పన్నెండు రాశులకు పన్నెండు ఖండికలు. ఆయా రాశుల్లో పుట్టిన తోటి కళాకారులకు ఒక్కొక్కటీ అంకితం. 1945లో బాస్ వాద్యకారుడు అల్ లూకస్, డ్రమ్మర్ జాక్ పార్కర్‌లతో ఆష్ రికార్డు సంస్థకు రికార్డు చేసింది. ఆ ఏడాది చివరి రోజున న్యూయార్క్ టౌన్ హాల్‌లో పాశ్చాత్య శాస్త్రీయ వాద్యాలు కూడా చేర్చి ప్రదర్శించింది. జాజ్‌నూ శాస్త్రీయ సంగీతాన్నీ అతికించిన ప్రయత్నాలు చాలా ఉన్నా, ఇందులో అతుకు కనబడదు.

1952లో యూరప్ వెళ్లింది. రెండేళ్లకు పారిస్‌లో వాయించడం మానేసింది. తిరిగొచ్చి 1957లో కాథలిక్ మతం తీసుకుంది. మత్తుకు బానిసలైన సంగీతకారుల కోసం బెల్ కాంటో ఫౌండేషన్ పెట్టి, దానికి నిధులు కూర్చడానికి పాత బట్టలూ సామాన్లూ అమ్మే దుకాణం నడిపింది. 1957లోనే గిలెస్పీ పక్కన న్యూపోర్ట్ ఉత్సవంలో మళ్లీ పియానో ముందు కూర్చుంది. పెరూ దేశపు నల్లజాతి సాధువు మార్టిన్ డి పోరెస్ మీద రాసిన బృందగానంతో ‘బ్లాక్ క్రైస్ట్ ఆఫ్ ది ఆండీస్’ ఆల్బమ్‌ను సొంత సంస్థ మేరీ రికార్డ్స్ ద్వారా తెచ్చింది. భక్తి, బ్లూస్ ఒకే ఊపిరిలో పలికిన రికార్డు ఇది. ఆమె రచనలన్నిటిలో ఎక్కువకాలం నిలిచేది ఇదేనని చెప్పవచ్చు. ప్రార్థనా సంగీతం ‘మేరీ లూస్ మాస్’కు 1971లో ఆల్విన్ ఐలీ నృత్యం కూర్చాడు. 1975లో అది న్యూయార్క్ సెయింట్ పాట్రిక్స్ కెథడ్రల్‌లో వినిపించింది.

1977 ఏప్రిల్‌లో కార్నెగీ హాల్‌లో నవ్య ధోరణి పియానిస్టు సెసిల్ టేలర్‌తో జంటగా వాయించింది. ‘ఎంబ్రేస్డ్’ పేరుతో వచ్చిన ఆ రికార్డులో ఇద్దరూ పోట్లాడుకున్నట్టే ఉంటుంది. అదే ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆస్థాన కళాకారిణిగా చేరి, కడదాకా విద్యార్థులకు జాజ్ చరిత్ర చెప్పింది. 1981 మే 28న నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో కన్నుమూసింది. 1983లో అదే విశ్వవిద్యాలయంలో నల్లజాతి సంస్కృతి కేంద్రం ఆమె పేరున వెలిసింది.

కొత్తగా వినేవారు 1930 నాటి ‘నైట్ లైఫ్’తో మొదలుపెట్టి, ‘జోడియాక్ సూట్’ మీదుగా 1974 నాటి ‘జోనింగ్’ ఆల్బమ్ దాకా వరస తప్పకుండా వినడం మంచిది.