పిల్లల పెంపకానికీ పట్టానా?

"ఉయ్యాల ఊపడానికీ ఎమ్మెస్సీ కావాలా తల్లీ?" చైల్డ్ డెవలప్‌మెంట్ చదువుతామన్న ఆడపిల్లలకు మన ఇళ్లలో చాలాకాలం దొరికిన దీవెన ఇదే. అన్నవాళ్లు మగవాళ్లే కారండోయ్, అరడజనుమందిని కని పెంచిన అమ్మమ్మలు కూడాను. వాళ్ల మాటా కొట్టిపారేయలేం. నలుగు పెట్టి, కాళ్లమీద వేసుకుని నీళ్లు పోయడం వాళ్లకు ఏ కాలేజీ నేర్పింది గనక?

కానీ పెంచడం వేరు, పసితనాన్ని గమనించి అర్థం చేసుకోవడం వేరు. ఆ తేడా మన దక్షిణాదికి తెలియజెప్పిన వాళ్లలో మరియా మాంటిస్సోరి ఒకరు. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు తర్ఫీదు ఇచ్చారు. ఇంతలో యుద్ధం వచ్చిపడి, 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. 1953లో మన దుర్గాబాయమ్మ కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో బాలవాడీలకు ఆ మండలి ఊతమిచ్చింది.

1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక, హైదరాబాదు సైఫాబాదులోని హోమ్‌సైన్సు కాలేజీ దాని కిందికి వచ్చింది. ఇలాంటి కాలేజీల్లో ప్రయోగశాల అంటే గాజు గొట్టాలు కావు, ఒక నర్సరీ బడి. పిల్ల ఎందుకు అలుగుతుంది, బొమ్మ ఎందుకు విసిరేస్తుంది, కొత్త ముఖం చూస్తే ఎందుకు ఏడుస్తుంది? ఓపిగ్గా కూర్చుని చూసి రాసుకోవడమే అక్కడి పాఠం. బయట మాత్రం దానికి 'పెళ్లి కుదిరేదాకా కాలక్షేపం' అనే పేరు పోలేదు.

ఈలోగా మన సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు కదిలింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. రాళ్లగుట్టల జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ క్రమంగా ఇళ్లతో నిండాయి. ఆ ఇళ్లలోకి అమ్మమ్మలందరూ వెంట రాలేదు. వెండితెర కృష్ణుడు ఎన్టీ రామారావు 1983లో ముఖ్యమంత్రి అయి, ఆ ఏడే తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం నెలకొల్పారు. హోమ్‌సైన్సుకు అక్కడా చోటు దొరికింది.

1995లో 'సిసింద్రీ' వచ్చింది. నడకైనా సరిగ్గా రాని పసివాడే కథానాయకుడు! మనమంతా మురిసిపోయి చూశాం. లైట్ల వేడిలో పసిబిడ్డ ఎంతసేపు ఉండవచ్చు, పాలవేళ, నిద్రవేళ ఏమిటి అన్నవి ఆ రోజుల్లో తల్లిదండ్రుల విచక్షణకు వదిలిన సంగతులు. బాలనటులకని ప్రత్యేకంగా కేంద్ర చట్టంలో గీత గీసింది 2016లో, నియమాలు వచ్చింది 2017లో. రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేరనే బ్యాంకులో వేయాలి. ఇలాంటి గీత సరిగ్గా గీయాలంటే పసివాళ్ల ఓపిక ఎంతో తెలిసినవాళ్లు కావాలి కదా! అమ్మమ్మ తన మనవడి సంగతి చెప్పగలదు. అందరి పిల్లల సంగతీ చెప్పడానికే ఆ చదువు.

ఇప్పుడు దాన్ని చూసి ఎవరూ నవ్వడం లేదు. 2020 జాతీయ విద్యావిధానం మూడో ఏటి నుంచే చదువుకు పునాది అంది. మరి ఆ పునాది వేసేవాళ్లో? 1975 అక్టోబరు 2న మొదలైన పథకంలోని అంగన్‌వాడీ అక్కకు ఇచ్చేది నేటికీ జీతం కాదు, 'గౌరవ వేతనం'. ఆమెకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

అంతదూరం ఎందుకు? మన పాపను చూసుకునే మనిషితో జీతం మాట్లాడేటప్పుడు, "ఏముందమ్మా, పిల్లతో ఆడుకోవడమేగా!" అని బేరమాడేది ఎవరు? పట్టా అక్కర్లేని పని అనుకున్నంతకాలం, పైసలూ అక్కర్లేదనే అనుకుంటాం.