గురి కుదిరేదెలా?

చెరువులో నిలబడి నీళ్ళలోని చేపను కర్రతో పొడవబోయారనుకోండి. తొలిసారి గురి తప్పడం ఖాయం. చేప కనిపించే చోటు వేరు, ఉన్న చోటు వేరు. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. కనుక 40 సెంటీమీటర్ల లోతున ఉన్న చేప నేరుగా పైనుంచి చూసేవారికి 30 సెంటీమీటర్ల లోతునే ఉన్నట్లు అగుపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి తేలినట్లుంటుంది. కాబట్టి కనిపించే చేపకు దిగువన గురిపెట్టాలి. ఎంత దిగువన అన్నది లోతును బట్టి, చూసే కోణాన్ని బట్టి మారుతుంది.

ఈ లెక్కను బడిలో చదవకుండానే సాధించినవారు అండమాను దీవుల ఆదివాసులు. తీరంలోని లోతులేని నీళ్ళలో చేపలను విల్లంబులతో కొట్టడం అక్కడ తరతరాల విద్య. 1906–08 మధ్య ఎ.ఆర్. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ ఆ దీవుల్లో పరిశోధన చేసి, 1922లో గ్రంథం ప్రచురించారు. అక్కడి మగపిల్లల చేతికి పసితనంలోనే బొమ్మ విల్లు వస్తుంది. ఆటుపోట్లకు నీటి లోతు గంటగంటకూ మారుతుంది, చేప ఒకచోట నిలవదు. అందుచేత ఏ రెండు బాణాలూ ఒకే పరిస్థితిలో వదిలినవి కావు.

ఆ రోజుల్లోనే అమెరికాలో చార్లెస్ జడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే సమస్యపై ఒక ప్రయోగం చేశారు. 1908లో దాన్ని ప్రకటించారు. బడిపిల్లలు రెండు జట్లుగా, నీటిలో 12 అంగుళాల లోతున ఉన్న గురిపైకి డార్టులు విసిరారు. ఒక జట్టుకు ముందే వక్రీభవన సూత్రం బోధించారు. చిత్రమేమిటంటే, మొదట రెండు జట్లూ సమానమే! సూత్రం తెలిసినంత మాత్రాన చెయ్యి తిరగలేదు. తర్వాత లోతును 4 అంగుళాలకు తగ్గించారు. సూత్రం తెలిసినవారు త్వరగా సర్దుకున్నారు, తెలియనివారు తడబడ్డారు. ఒకే లోతుకు అలవాటుపడిన చెయ్యి ఆ లోతుకే పనికొచ్చింది.

మరి సూత్రం చదవని అండమాను పిల్లవాడి సంగతేమిటి? అతని సాధనలోనే మార్పు ఉంది. అలాంటి సాధన విలువ 1994లో బేస్‌బాల్ క్రీడలో బయటపడింది. కెల్లీ హాల్ బృందం అమెరికాలో కాలేజీ ఆటగాళ్ళకు ఆరు వారాలపాటు, వారానికి రెండుసార్లు, పూటకు 45 బంతులతో బ్యాటింగ్ సాధన చేయించింది. బంతులు మూడు రకాలు. ఒక జట్టుకు ఒక్కో రకాన్ని 15 చొప్పున వరసగా వేశారు. రెండో జట్టుకు ఏది వస్తుందో తెలియకుండా కలగలిపి వేశారు. చివర కలగలిపి వేసిన బంతులతో పరీక్షిస్తే మొదటి జట్టు సుమారు 25 శాతం, రెండోది 57 శాతం మెరుగుపడ్డాయి!

ఇలాంటి విద్య ఒక్క తరంతో ఆగిపోగలదు. 1858లో ఇంగ్లీషువారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టాక కొత్త రోగాలు పాకాయి. గ్రేట్ అండమానీయులు 1901 జనగణన నాటికి 625 మందే మిగిలారు, 2011లో 44 మంది. అదే గణనలో జారవాలు 380 మంది. వారు నేటికీ విల్లంబులతోనే వేటాడుతున్నారు. వారి అడవినీ తీరాన్నీ 1956 నాటి చట్టం కాపాడుతోంది. విల్లును మ్యూజియంలో భద్రపరచవచ్చు. గురి మాత్రం ఆ నీళ్ళలో పెరిగే పిల్లల చేతుల్లోనే నిలుస్తుంది.