మడతపటములందు మాడుగుల సీమ

హిందూదేశపు తొలినాటి రైలుమార్గములను, కాలువలను జూపుచు పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున లండనులో నచ్చయిన మడతపటములు చరిత్రకారునకు మంచి యాధారములు. పటమును చదరపు ముక్కలుగా గోసి, నడుమ సన్నని సందు విడిచి, నారబట్టపై నంటించెడివారు. మడత యా సందుననే పడును గాన కాగితము చిరుగదు.

వీని కాలనిర్ణయమునకు అంచున ముద్రితమైన సంవత్సరము చాలదు. ప్రకటనకర్తలు పాతరేకునే యుంచుకొని క్రొత్తదారులను జేర్చి మరల నచ్చొత్తించుట కలదు. కావున గీతలనే సాక్ష్య మడుగవలెను. రాయపురము నుండి వాలాజా దాక మాత్రమే దారి యున్నచో నది 1856 నాటి స్థితి. వాడి-సికిందరాబాదు మార్గము నిండుగీతగా నున్నచో 1874కు బూర్వపుది కాదనవచ్చును. అయినను తలపెట్టిన దారికిని, వేసిన దారికిని భేదము చూపని పటములు లేకపోలేదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో నారంభమై 1852లో ముగిసెను. దాని కాలువలు పైరునకు నీటిని, పడవకు దారిని గూడ నిచ్చినవి. రైలుకంటె కాలువయే చౌక యని వాదించిన సర్ ఆర్థర్ కాటను గోదావరి యెగువకును పడవలు నడుపదలచెను. ఆ పని 1871లో విడువబడెను. ఎగువ గోదావరిని సిద్ధమైన జలమార్గముగా జూపు పటము కోరికను జూపినదే కాని నదిని జూపినది గాదు.

నాటి విశాఖపట్టణ మండలమున, తూర్పుకనుమల పాదమున నున్న మాడుగుల జమీందారీకి ఆంగ్లేయుల వ్రాతలలో 'మాడ్గోల్' అని పేరు. 1870 ప్రాంతపు పటములో కాలువల నీలిగీతలు గోదావరి సీమలోనే యాగిపోవును. రైలుగీతలు దూరముగా బడమటనే సాగును. నడుమ మిగిలినది తెల్లకాగితము. దానిని జూచి యిది వర్తకము లేని సీమ యని తలచుట తగదు. పసుపు, చింతపండు, కరక్కాయలు కొండలనుండి సంతలకు దిగుచుండెను. ఉప్పు పెరికెయెద్దులపై గొండల కెక్కుచుండెను. భీమునిపట్టణపు రేవు నుండి యోడలు పోవుచునే యుండెను. కాని పెరికెయెద్దుల దారికి వాటాలమ్ము కంపెనీ లేదు. రైలుకంపెనీల మూలధనముమీద నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వము పూచీపడి యుండగా, లండను ధనికుని చూపు రంగుగీతపైననే నిలుచుట వింత గాదు.

1893లో వాల్తేరు-బెజవాడ మార్గము తెరువబడి అనకాపల్లికి రైలు వచ్చెను. మాడుగుల దానికి నెడముగనే నిలిచెను. సరకు చోడవరము మీదుగా బండ్లపై దిగవలసినదే. ఆ తరువాతి చిన్నపటములలో నీ గీత గోదావరిని దాటి యెచ్చటను దెగక సాగుటయు గలదు. నదిపై వంతెన 1900లో గాని తెరువబడలేదు. ఆ యేడేండ్లును బెజవాడ పోవు ప్రయాణికుడు ఏటియొడ్డున రైలు దిగి, నీటిపై నావలి గట్టు చేరి, మరల రైలెక్కుచుండెను.