మాటల అరలు

పోపుల పెట్టె నెరుగని వంటయిల్లు మనలో ఉండదు. ఆవాలొక గిన్నెలో, జీలకర్ర వేరొక గిన్నెలో, మినపప్పు మరియొక గిన్నెలో నుండును. పొయ్యిమీద నూనె కాగుచుండగా ఇల్లాలి చేయి కంటి సాయము లేకయే తనకు వలసిన గిన్నెను చేరుకొనును. వస్తువులను తెగలుగా వేరుపరచుట వలన మొదటి లాభ మిదియే. వెదకెడి శ్రమ తప్పును. రెండవ లాభ మొకటి కలదు. అది యెప్పుడో గాని కలుగదు. దేనికోసమో వేరుచేసి పెట్టుకొన్న అరలే, అంతవరకు ఎవ్వరును ఊహింపని సంగతిని బయటపెట్టును. తెలుగు మాటల విషయమున అట్టిది 1816వ సంవత్సరమున చెన్నపట్టణమున జరిగినది. ఆ కథయే ఈ ప్రసంగమునకు విషయము.

మన లాక్షణికులు తెలుగు మాటలను చాలకాలము క్రిందటనే తెగలుగా విభజించిరి. పదమూడవ శతాబ్దమువాడైన కేతన తన ఆంధ్రభాషాభూషణమున తత్సమము, తద్భవము, అచ్చతెనుగు, దేశ్యము, గ్రామ్యము అని యైదింటిని చెప్పెను. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి నాలుగింటితో సరిపుచ్చెను. విద్య, పుస్తకము వంటివి సంస్కృతము నుండి తెలుగు విభక్తి మాత్రము తొడిగికొని వచ్చిన తత్సమములు. యాత్ర జాతరయై, సింహము సింగమై, అగ్ని అగ్గియై, శ్రీ సిరియై మన నోట అరిగి నునుపెక్కినవి తద్భవములు. ఇల్లు, కన్ను, ఉప్పు, వాన, పాలు మొదలగునవి ఎవరివద్దనుండియు తెచ్చుకొననివి, దేశ్యములు. ఈ విభాగము చరిత్ర కొరకు చేసినది కాదు. ఏ మాట ఏ మాటతో సమాసమున కలియునో, ఏది కలియదో కవికి తెలియవలెను. పద్యమునకు దోషము రాకుండుటకు ఏర్పడిన అర లవి.

పందొమ్మిదవ శతాబ్దారంభమున మన దేశమునకు వచ్చిన ఆంగ్ల పండితులు తెలుగు కావ్యమును తెరచి చూచిరి. పుటపుటకు సంస్కృత పదములే కనబడినవి. కావున ఈ భాష సంస్కృతమునకు పుట్టిన బిడ్డయే యని నిశ్చయించిరి. 1814లో శ్రీరామపురమున తెలుగు వ్యాకరణమును ప్రకటించిన విలియం కేరీ మతమును అదియే. మన పండితులలో అనేకులకును ఆ మాట ఇంపుగనే ఉండెను. వారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. ఎరువు సొమ్ములు నిలువెల్ల పెట్టుకొన్న పెండ్లికూతురును చూచి, సొమ్ములనుబట్టి పుట్టింటిని ఊహించుట లోకసహజమే కదా!

చెన్నపట్టణమున ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అను దొర యుండెను. అచట కలెక్టరు. కొత్తగా వచ్చిన కుంపిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై 1812లో సెంట్ జార్జి కోట కళాశాల ఏర్పడుటకు ఆయనయే ముఖ్యకారకుడు. ఆ కళాశాలలో సంస్కృతాంధ్రములు బోధించిన పట్టాభిరామ శాస్త్రి తెలుగు ధాతువులను పట్టికగా కూర్చియుండెను. మచిలీపట్టణమున మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక యను నిఘంటువును రచించి, దాని పీఠికలో మాటల తెగలను గూర్చి పూర్వుల మతమును వివరించియుండెను. ఎల్లిస్ చేతికి ఈ రెండును వచ్చినవి.

ఆయన చేసిన పని వినుటకు అతి సులభముగ నుండును. సంస్కృత ధాతువుల నొకవైపు, పట్టాభిరామ శాస్త్రిగారి తెలుగు ధాతువుల నొకవైపు అక్షరక్రమమున ఎదురెదురుగా నిలిపెను, పొత్తు కుదరలేదు. పిమ్మట అవే తెలుగు ధాతువుల ప్రక్కన తమిళ, కన్నడ ధాతువులను పేర్చెను. వరుస తరువాత వరుస కలిసిపోయినది. అటుపై మాటల వంతు వచ్చినది. తత్సమ తద్భవములను ప్రక్కకు తీసి, మిగిలిన దేశ్యములను చూడవలయునని మన లాక్షణికుల అరలే ఆయనకు దారి చూపినవి. అనగా సొమ్ములు ఒలిచి ముఖమును చూచుట. మన చేయి తమిళునకును కన్నడిగునకును కై. మన కాలు కన్నడమునను కాలే, తమిళమున కాల్. మూడు అక్కడ మూన్రు, ఇక్కడ మూరు. ఆరు ముగ్గురికిని ఆరే. శరీరము, సంఖ్యలు, ఇల్లు, వంట: ఎవరును పొరుగింట బదులు తెచ్చుకొనని మాటలన్నియు ఒక్క గూటికే చేరినవి.

ఈ వాదమంతయు ఆయన పుస్తకముగ ప్రకటింపలేదు. 1816లో ఏ. డి. కాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు పీఠికలో అనుబంధముగ వెలువడినది. సంస్కృతము, గ్రీకు, లాటిను ఒక్క మూలమునుండి పుట్టినవని కలకత్తాలో విలియం జోన్సు చెప్పిన మాట (1786) లోకమంతయు మారుమ్రోగెను. ముప్పది యేండ్ల తరువాత చెన్నపట్టణమున జరిగిన ఈ పని ఒకరి పుస్తకపు ముందు పుటలలో అణగియుండెను. 1819లో రామనాథపురమున విషమును పొరపాటున పుచ్చుకొని ఎల్లిస్ మరణించెను. అప్పటి కాయనకు నలువది దాటి ఎంతో కాలము కాలేదు. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించిన పిమ్మటనే ఈ కుటుంబమునకు పేరును ప్రసిద్ధియు కలిగినవి. ఎల్లిసునకు ముందు అరలు కట్టియిచ్చిన పండితుల పేళ్లు మరింత మరుగున పడినవి. అది నాకు కష్టముగ తోచును.

అయితే ఆ అరలన్నియు మంచివే యనజాలను. నాల్గవదియైన గ్రామ్యమును చూడుడు. మొదటి మూడింటికి ఆధారము పుట్టుక. ఈ మాట ఎక్కడిదని ప్రశ్న. నాల్గవదానికి ఆధారము నడవడి; ఈ మాట పెద్దలకు సమ్మతమా యని ప్రశ్న. రెండు కొలతలతో ఒకే పెట్టెను కట్టినట్లయినది. మా డిస్కుల గదిలో నేనొకమారు ఇట్టి చిక్కునే తెచ్చిపెట్టితిని. కొన్ని వరుసలు రాగములనుబట్టి, ఒక వరుస మాత్రము "అరిగినవి" అని పేర్చితిని. అరిగిన కాంభోజి ఎక్కడ నుండవలెనో మరునాడు నాకే తెలియలేదు.

నా పొరపాటు పూటలో సర్దుకొన్నది. వ్యాకరణమునందలిది అట్లు కాలేదు. వచ్చాడు, చేస్తాము అని ఇంటింట పలికెడి రూపములు గ్రామ్యపు అరలో పడినవి. నోట పలికినది కాగితముపై వ్రాసిన బడిపిల్లవానికి తప్పు పడెను. గిడుగు రామమూర్తి పంతులుగారు 1910 తరువాతి సంవత్సరములలో సాగించిన పోరాట మంతయు ఈ ఒక్క అర తలుపు తెరచుటకే యని చెప్పవచ్చును. నేటికిని ఇట్టి ప్రసంగములను గ్రాంథికచ్ఛాయతో వ్రాయు నావంటివాడు ఆయన పేరు చెప్పునప్పుడు కొంచెము తలవంచుకొనవలసియున్నది.

అన్యదేశ్యముల సంగతి తేలిక. కాగితము, దుకాణము పారసీకము వారివి. సబ్బు, తువాలు, బొత్తాము పోర్చుగీసువారు ఓడ దింపి పోయినవి. బ్రౌను దొర తన పెద్ద నిఘంటువు ప్రకటించిన తరువాత, 1854లో ఇట్టి మిశ్రపదముల కొరకు ప్రత్యేకముగ వేరొక నిఘంటువునే ప్రకటించెను. మీ ఎదుటనున్న రేడియోకు ఆయన నాటికి పుట్టుకయే లేదు.

ఎల్లిస్ పేర్చిన వరుసలను తరువాతివారు మరల విప్పి పేర్చిరి. 1961లో బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వెలువడినది. ఆ యేడే భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల గ్రంథమును వెలువడినది. తెలుగు ద్రావిడమే యనుటలో తగవు లేదు. ఆ కుటుంబమున ఏ శాఖది యని ప్రశ్న. తమిళులు ఇరండు అందురు, కన్నడిగులు ఎరడు అందురు. మన రెండులో ముందరి అచ్చు రేఫకు వెనుకకు జరిగినది. ఉరల్ అను తమిళపు మాట మన రోలైనదియు ఇట్లే. ఈ జరుగుబాటు గోండి, కువి, కొండ భాషలలోను కానవచ్చును. కృష్ణమూర్తిగారు తెలుగును వానితో చేర్చి దక్షిణమధ్య ద్రావిడ శాఖయందు నిలిపిరి. తమిళ కన్నడములు ఆ ప్రక్క శాఖవి.

కావ్యములు గల భాషలనే మనము ఇంతకాలము తోబుట్టువులనుకొంటిమి. ఆదిలాబాదు సంతలో అమ్మవచ్చిన గోండు స్త్రీ కాయలు లెక్కించునప్పుడు ప్రక్కన నిలిచి వినుడు. రండ్, మూండ్, నాలుంగ్ అని ఆమె పైకి లెక్కించును. కొనవచ్చిన తెలుగువాడు రెండు, మూడు, నాలుగు అని తనలో లెక్కించుకొనుచుండును.