చేపల కోసం పుట్టిన వేగు

రాజ్యాలు ఏర్పడిన నాటినుండి వేగులవారున్నారు. ఆకాశం నుండి వేగు చూడటం బెలూన్లతో మొదలై, మొదటి ప్రపంచయుద్ధం నాటికి విమానాలకు మారింది. అయితే విమానం పంపిన ప్రతిసారీ పైలట్ ప్రాణాన్ని పణంగా పెట్టవలసి వచ్చేది. ఈ లెక్కను మార్చిన వాటిలో 'స్కాన్ ఈగిల్' అనే చిన్న పైలట్ రహిత విమానం ఒకటి. విచిత్రమేమంటే, దాని మూలాలు యుద్ధంలో లేవు.

సముద్రాల మీద వాతావరణ వివరాలు సేకరించడం కష్టం. అందుకోసం 1990 దశకంలో 'ఏరోసోండ్' అనే బుల్లి విమానం తయారైంది. దీని రూపకల్పనలో ప్రముఖుడు టాడ్ మెక్‌గీర్. ఆయన అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వెలసిన 'ఇన్‌సిటు' సంస్థ స్థాపకులలో ఒకరు. 1998 ఆగస్టు 20న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో, కారు పైకప్పు మీద నుండి 'లైమా' అనే ఏరోసోండ్ లేచింది. సుమారు 13 కిలోల ఆ విమానం 26 గంటల 45 నిమిషాలలో 3,270 కిలోమీటర్లు ప్రయాణించి స్కాట్లండ్ చేరింది. అట్లాంటిక్ దాటిన తొలి పైలట్ రహిత విమానం అదే. అయిన ఇంధనం సుమారు ఆరు లీటర్లు. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే.

తర్వాత ఇన్‌సిటు దృష్టి ట్యూనా చేపల వేట మీద పడింది. చేపల గుంపులను వెదకడానికి పెద్ద ఓడలు హెలికాప్టర్లను వాడేవి. అది ఖర్చుతోనూ ప్రమాదంతోనూ కూడిన పని. దానికి బదులుగా 'సీస్కాన్' తయారైంది. ఓడ మీద రన్‌వే ఉండదు గనుక గాలి ఒత్తిడితో పనిచేసే యంత్రం దానిని పైకి విసురుతుంది. తిరిగి వచ్చేటప్పుడు, ఎత్తయిన స్తంభానికి వ్రేలాడే తాడును రెక్క చివరి కొక్కెం పట్టుకుంటుంది.

2002లో బోయింగ్ సంస్థ చేయి కలిపింది. సీస్కాన్ స్కాన్ ఈగిల్‌గా మారింది. రెక్కల వెడల్పు మూడు మీటర్లకు కాస్త ఎక్కువ, బరువు సుమారు 20 కిలోలు. 20 గంటలకు పైగా గాలిలో ఉండగలదు. 2004లో అమెరికా మెరైన్ దళాలతో ఇరాక్ వెళ్ళింది. 2009 ఏప్రిల్‌లో సోమాలియా సముద్రపు దొంగలు ఒక అమెరికన్ ఓడ కెప్టెన్‌ను బందీ చేసినప్పుడు, వారున్న పడవను పైనుండి కనిపెట్టి ఉన్నది ఇదే. 2012 డిసెంబరులో ఇలాంటి విమానాన్ని పట్టుకున్నామని ఇరాన్ ప్రకటించింది. 2022లో అమెరికా వీటిని ఉక్రెయిన్‌కు ఇస్తామన్నది.

2013లో అమెరికా పౌర విమానయాన శాఖ దీనికి వాణిజ్య వినియోగ అనుమతి ఇచ్చింది. ఆ యేడాదే అది అలాస్కా తీరంలో మంచుగడ్డలను, సముద్ర జంతువులను పరిశీలించడానికి ఎగిరింది. ఆ విధంగా మళ్ళీ సముద్రపు పనికి వచ్చింది.

దీనివల్ల ఎందరో పైలట్ల ప్రాణాలకు ముప్పు తప్పింది. అది మేలే. కాని వేగు విమానం పంపాలంటే పూర్వం ప్రభుత్వాలు రెండుసార్లు ఆలోచించేవి. కూలితే పైలట్ పోతాడు, దేశానికి జవాబు చెప్పాలి. ఇప్పుడు పోయేది ఒక యంత్రం మాత్రమే. చూడటం చౌక అయ్యేకొద్దీ, ఎవరిని చూడాలి, ఎంతకాలం చూడాలి అన్న విచక్షణ కూడా చౌక కాకుండా చూసుకోవలసిన బాధ్యత చట్టాలది, ప్రజలది.