గాలి, పెట్రోలు, పైలటు చేయి

కిరసనాయిలు దీపపు వత్తిని మితిమీరి పెంచినచో చిమ్నీ పొగచూరునని ప్రతి గృహిణికిని తెలియును. చమురు హెచ్చి గాలి చాలకపోవుటయే దానికి కారణము. చిన్న విమానముల ఇంజనుకును ఇదే నియమము. పెట్రోలు పూర్తిగా మండుటకు దాని బరువునకు సుమారు 15 రెట్లు బరువైన గాలి కావలెను. ఈ పాళ్లను కలుపునది కార్బురేటరు.

మోటారుబండి నేలపై నడచును. విమానము మింటికి ఎగయును. 10,000 అడుగుల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టమున నున్న దానిలో ఇంచుమించు ముప్పాతిక వంతే. గాలి పలుచబడినంతగా సామాన్యమైన కార్బురేటరు పెట్రోలును తగ్గింపజాలదు. మిశ్రమము చిక్కబడి ఇంజను వణకును, ప్లగ్గులకు మసి పట్టును, బలము క్షీణించును. అందుకే పెట్రోలును తగ్గించుటకు పైలటు చేతికందునట్లు ఒక మీటను అమర్చిరి.

1903 డిసెంబరు 17న రైటు సోదరులు ఎగిరిన విమానమునకు ఇట్టి మీట లేదు. పెట్రోలు ధారను నేలమీదనే సరిచేసి బయలుదేరిరి. ఆనాటి ప్రయాణములలో మిక్కిలి దీర్ఘమైనది 59 సెకన్లు మాత్రమే. అదియు నేలకు కొద్ది అడుగుల ఎత్తున. వారికి అంతకుమించి అవసరము కలుగలేదు.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఈ సర్దుబాటు ప్రాణసంకటమైనది. 1917లో రంగమునకు వచ్చిన బ్రిటిషు వారి సాప్‌విత్ క్యామెల్ విమానములలో పెక్కింటికి క్లెర్జే ఇంజను ఉండెను. నేల విడిచిన కొలది సేపటికే పైలటు పెట్రోలును తగ్గింపవలెను. ఏమరినచో ఇంజను ఉక్కిరిబిక్కిరియై ఆగిపోవును. అంత తక్కువ ఎత్తున తప్పు దిద్దుకొను వ్యవధి ఉండదు. ఇట్టి ప్రమాదములలో శిక్షణ పొందుచున్న యువకులు పలువురు శత్రువును చూడకమునుపే అసువులు బాసిరి.

ప్రాణరక్షణకు నేర్చిన ఈ విద్య దూరమును జయించుటకును తోడ్పడినది. 1927 మే నెలలో చార్లెస్ లిండ్‌బర్గ్ 223 అశ్వశక్తి గల ఒకే ఇంజనుతో న్యూయార్కు నుండి పారిస్ వరకు ఒంటరిగా 33న్నర గంటలు ఎగిరెను. బయలుదేరునప్పుడు సుమారు 450 అమెరికను గ్యాలన్ల పెట్రోలు ఉండెను. అది ఖర్చై విమానము తేలికపడిన కొలది ఇంజను వేగమును తగ్గించుచు, మిశ్రమమును పలుచన చేయుచు సాగెను. పారిస్‌లో దిగునప్పటికి ఇంకను దాదాపు 85 గ్యాలన్లు మిగిలియుండెను.

ఆ అనుభవమే 1944లో న్యూగినీ దీవియందు అక్కరకు వచ్చినది. అమెరికను పైలటులతో కలసి పి-38 యుద్ధవిమానములను నడపిన లిండ్‌బర్గ్, తిరిగి వచ్చునప్పుడెల్ల ఇతరులకంటె ఎక్కువ పెట్రోలు మిగుల్చుచుండెను. నిమిషమునకు 2,200 చుట్లకు పైగా తిరుగు ఇంజనును 1,600 చుట్లకు దింపి, మిశ్రమమును పలుచన చేయుడని ఆయన బోధించెను. ఇంజన్లు పాడగునని పైలటులు జంకిరి. ఆ జంకు నిర్హేతుకము కాదు. ఇంజను పూర్తి బలముతో పనిచేయునప్పుడు మిశ్రమము పలుచనైనచో వేడి మితిమీరి, సిలిండర్లలో విపరీతమైన విస్ఫోటనము కలుగును. ఎక్కువైన పెట్రోలు ఇంజనును కొంత చల్లబరచును కూడ. కాని నిదానముగా సాగు ప్రయాణమున ఆ భయము తక్కువ. ఈ భేదమును గ్రహించిన పిమ్మట ఆ దళమువారు మునుపటికంటె చాల దూరము పోయి, క్షేమముగా మరలి రాగలిగిరి.

తరువాతి కాలమున, వెడలు పొగ ఉష్ణోగ్రతను చూపు సాధనములు చిన్న విమానములకును వచ్చినవి. నేడు కొన్ని ఇంజన్లలో ఈ పాళ్లను ఎలక్ట్రానిక్ యంత్రములే నిర్ణయించుచున్నవి. అయినను శిక్షణకు వాడు చిన్న విమానములు అనేకములందు ఎర్రరంగు మీట నేటికిని కలదు. ఎత్తునకు పోవునప్పుడు పెట్రోలును తగ్గించుట, దిగునప్పుడు మరల పెంచుట పైలటు నేర్చుకొను తొలి పాఠములలో ఒకటి. ఈ రెండవదానిని మరచినచో, ట్యాంకు నిండుగా ఉన్నను ఇంజను ఆకలితో ఆగిపోవచ్చును.